చిన్న పింజర కరిచిన ఆదివారం

మా కాలేజీ జువాలజీ ల్యాబులో, తలుపు పక్క అల్మారా మూడో అరలో ఒక గాజు సీసా ఉంది. అందులో ఫార్మలిన్‌లో మునిగి ఒక పాము ఉంటుంది. నేను ఉద్యోగంలో చేరకముందు నుంచే అది అక్కడుంది. జానెడున్నర పొడవు, చిటికెన వేలంత లావు. ఏళ్ల తరబడి మందులో నాని రంగంతా పోయి ఉడికించిన సేమ్యాలా పాలిపోయింది. తల మీద పిట్ట కాలి గుర్తు లాంటి మచ్చ ఒకటి ఉండాలి. సీసాను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూస్తే తప్ప అది కనిపించదు.

సీసా మీది కాగితం చెరిగిపోయినప్పుడల్లా నేనే కొత్తగా రాసి అతికిస్తాను: ఎకిస్ కారినేటస్ కారినేటస్. ప్రతి ఏడూ కొత్త పిల్లలు రాగానే ఎవరో ఒకరు లేచి, ఒకే మాట రెండుసార్లు రాశారు మేడం అంటారు. తప్పు దొరికిందన్న సంబరం వాళ్ల మొహంలో కనిపిస్తుంది. అప్పుడు చెబుతాను. ఒకే జాతి పాముల్లో ప్రాంతాన్ని బట్టి తేడాలుంటే ఉపజాతులుగా విడదీస్తారు. మొట్టమొదట ఏ ప్రాంతపు పామును చూసి జాతికి పేరు పెట్టారో, ఆ ఉపజాతికి అదే మాట మళ్లీ వస్తుంది. వాయవ్యాన ఎడారి ఇసుకలో తిరిగేది దీనికంటే పొడుగు, దానికి వేరే పేరుంది. మన దక్కనులో రాళ్ల కింద, తుప్పల్లో బతికేది ఈ పొట్టిది. తెలుగులో చిన్న పింజర. ఇరవై రెండేళ్లుగా ఇదే పాఠం, ఇవే మాటలు. బతికున్న చిన్న పింజరను మాత్రం అప్పటిదాకా ఒక్కసారీ చూడలేదు నేను.

నేను ఒంటరిదాన్ని. పెళ్లి ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా ఇప్పుడు లేరు, అడిగే వయసు దాటిపోయింది. ఆరేళ్ల కింద ఇబ్రహీంపట్నం దాటాక సాగర్ రోడ్డు నుంచి లోపలికి ఒక వెంచర్‌లో ప్లాటు కొని రెండు గదుల ఇల్లు కట్టుకున్నాను. వెంచర్ అంటే పెద్ద కమాను, తారు రోడ్లు, వరసగా పాతిన హద్దురాళ్లు, మధ్యలో మోకాలెత్తు గడ్డి. నాది కాక ఇంకో రెండు ఇళ్లు లేచాయి కానీ వాటికి ఎప్పుడూ తాళాలే. వాటి యజమానులు తుర్కయాంజాల్ అపార్ట్‌మెంట్లలో ఉంటారు, పండక్కో పబ్బానికో వచ్చి గోడలు చూసుకుని పోతారు. అక్కడ ఒక్కదానివే ఎట్ల ఉంటున్నవని స్టాఫ్‌రూములో అడిగితే, పాములున్నాయిగా అనేదాన్ని. అందరూ నవ్వేవారు. ఆ మాట అనడం నాకూ సరదాగానే ఉండేది.

గేటు దగ్గర రేకుల గదిలో వాచ్‌మన్, అతని భార్య ఉండేవారు. కందుకూరు వైపు వాళ్లు, ముస్లింలు. ఆమె నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. పొద్దున నేను కాలేజీకి పోయేటప్పుడు గేటు తీసేది, సాయంత్రం వచ్చేటప్పుడు తీసేది. మొదట్లో ఆగి రెండు మాటలు మాట్లాడుకునేవాళ్లం. ఆమె మక్క కంకి కాల్చి ఇచ్చేది, నేను కాలేజీ దగ్గర కొన్న జామకాయలు ఇచ్చేదాన్ని. అంతకుమించి ఒకరి గడప ఒకరం తొక్కింది లేదు. ఆమెను అక్కా అని పిలిచేదాన్ని, ఆమె నన్ను మేడం అనేది.

అది కూడా చెడగొట్టుకున్నాను. నిరుడు వానల్లో మా ప్రహరీ వెంట ఒక జెర్రిపోతు కనబడితే వాచ్‌మన్ కట్టెతో కొట్టి చంపాడు. నేను అప్పుడే బస్సు దిగి నడిచి వస్తున్నాను. మేడం, మీ ఇంట్ల జొరబడుతుండె, నేనే ఖతం చేసిన అని అతను మంచి పని చేసినవాడిలా చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. అది విషం లేని పాము, ఎలుకల్ని తిని బతికేది, దాన్ని చంపడానికి మీకు చేతులెలా వచ్చాయని మొదలుపెట్టి పాఠమంతా చెప్పాను. అక్కడికి ప్లాట్లు చూడ్డానికి వచ్చిన నలుగురున్నారు. వాళ్ల ముందే, మీకసలు బుద్ధి ఉందా అన్నాను. అతను కట్టె కింద పడేసి తల వంచుకున్నాడు. ఆమె మాత్రం నా మొహంలోకి సూటిగా చూసింది.

ఆ మర్నాటి నుంచి గేటు తీయడం మామూలే, మాటలు లేవు. కంకులూ లేవు. నేను జామకాయలు కొనడం కూడా మానేశాను. తప్పు నాదేనని వారంలోపే తెలిసింది. పాము విషయంలో నేనన్నది నిజమే, మనుషుల విషయంలో అన్నది కాదు. వెళ్లి ఒక మాట చెప్తే అయిపోయేది. చెప్పలేదు. చిన్నప్పటి నుంచీ నాకు ఈ జబ్బుంది, ఎవరి ముందూ చెయ్యి చాపలేను, ఎవరి ముందూ తగ్గలేను. ఏడాది గడిచిపోయింది.

ఆ ఆదివారం పొద్దున ఏడున్నరకు నేను నిమ్మ మొక్క పెడుతున్నాను. రాత్రి వాన పడి నేల మెత్తబడింది. పాదు చుట్టూ పేర్చడానికి రాళ్లు కావాల్సి, ప్రహరీ మూల పడున్న కడీల కుప్ప దగ్గరికి పోయాను. ఇల్లు కట్టినప్పుడు కంచెకు తెప్పించిన రాతి స్తంభాల్లో విరిగినవి అవి. ఒక ముక్కను పట్టి ఎత్తబోయాను. కుడిచేతి చూపుడు వేలి చివర చురుక్కుమంది. చెయ్యి లాక్కున్నాను. రాయి కింద ఎక్కడో ఇసుక కాగితం మీద గీరినట్టు బరబరమని చప్పుడు వచ్చి ఆగిపోయింది.

ఆ చప్పుడు గురించి పాఠం చెప్పి ఎన్నేళ్లయిందో. చిన్న పింజర బుస కొట్టదు, ఒళ్లు చుట్టలుగా చుట్టి ఒకదానికొకటి రాపాడిస్తుంది, పొలుసులు రంపంలా రాసుకుని ఆ చప్పుడొస్తుంది అని. ఇప్పుడు నా చెవులతో విని కూడా నా మనసు దాన్ని ఒప్పుకోలేదు. తేలేమో అనుకున్నాను. ముల్లు కావచ్చు, తుప్పు పట్టిన తీగ గుచ్చుకుని ఉండొచ్చు అని కూడా అనుకున్నాను. వేలి మీద ఒక్కటే చుక్క ఉంది, రెండు లేవు. రాయి ఎత్తి చూడటానికి ధైర్యం చాలలేదు. ల్యాబులో సీసాను చేత్తో పట్టుకుని తిప్పి చూపించేదాన్ని, ఇంటి పెరట్లో ఒక రాయికి దూరంగా జరిగి నిలబడ్డాను.

తర్వాత చేసిన పనికి నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. మా ఊళ్లో పాము అనరు, పురుగు అంటారు. పాము కరిచింది అనరు, పురుగు ముట్టింది అంటారు. పురుగు ముట్టిన మనిషి చేత వేపాకు నమిలిస్తారు. చేదు తెలిస్తే విషం ఎక్కలేదని, తియ్యగా ఉందంటే ఎక్కిందని లెక్క. మా చిన్నాన్నకు వేరుశనగ చేనులో పురుగు ముట్టినప్పుడు మా అమ్మే గుప్పెడు ఆకు దూసి నమిలించడం నేను చూశాను. పెద్దయ్యాక క్లాసులో ఇదే ఉదాహరణ చెప్పి కొట్టిపారేసేదాన్ని. పింజర విషం నాలుకను పట్టదు, నెత్తుటిని పడుతుంది, నెత్తురు గడ్డ కట్టే గుణాన్ని పోగొడుతుంది, నాలుక చివరిదాకా శుభ్రంగా పనిచేస్తుంది, చేదు చేదుగానే ఉంటుంది, మనిషి మాత్రం పోతాడు అని. నిరుడు ఒక అమ్మాయి పరీక్షలో ప్రథమ చికిత్స కింద వేపాకు అని రాస్తే ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేశాను. ఆ ఎర్ర గీత కొట్టిన చేత్తోనే పక్క ప్లాటులోని వేపచెట్టు రెమ్మ వంచి నాలుగు ఆకులు తెంపుకున్నాను.

నమిలాను. చేదుగా ఉంది. ఎంత చేదంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మయ్య అనుకుని అక్కడే మెట్ల మీద కూలబడ్డాను. నాకు అంత ఊరట ఎందుకు కలిగిందో తర్వాత మంచం మీద పడుకుని చాలా ఆలోచించాను. విషం ఎక్కలేదని కాదు. ఎవరినీ పిలవాల్సిన పని తప్పిందని. వేపాకు చేదుగా ఉంది కాబట్టి నేను గేటు దాకా పోనక్కర్లేదు, ఏడాదిగా మాట్లాడని మనిషి ముందు నిలబడనక్కర్లేదు. అంతే. చదువుకున్న మూర్ఖత్వం అంటే అదేనేమో.

చెయ్యి కడుక్కుని, పసుపు పెట్టుకుని, నిమ్మ మొక్క పాతడం కూడా పూర్తి చేశాను. తర్వాత పరీక్ష పేపర్లు ముందేసుకుని కూర్చున్నాను. పది గంటలకు వేలు లావెక్కింది. పన్నెండుకు అరచెయ్యి ఉబ్బింది. పెన్ను పట్టుకోలేక ఎడమచేత్తో మార్కులు వేశాను. అన్నం వండుకోలేదు, మజ్జిగ తాగాను. నొప్పి మోచేతి దాకా పాకుతుంటే తేలు కుట్టినా ఇలాగే ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉండి ఉంటే, ఏమైందే నీ చేతికి అని ఒక్కసారి అడిగి ఉంటే, అబద్ధమంతా ఆ ఒక్క ప్రశ్నతో పడిపోయేది. అడిగేవాళ్లు లేక అది మధ్యాహ్నం మూడింటి దాకా నిలబడింది.

మూడింటికి చూస్తే వేలి మీది చుక్క నుంచి ఇంకా నెత్తురు ఊరుతోంది. పొద్దున పెట్టిన పసుపు ఎప్పుడో కొట్టుకుపోయింది. దూది మార్చాను, అదీ తడిసింది. నోరు ఎందుకో ఉప్పగా అనిపించి సింకు దగ్గర పుక్కిలించి ఉమ్మితే నీళ్లు గులాబీ రంగులో పడ్డాయి. అద్దంలో చూసుకుంటే పళ్ల చిగుళ్ల వెంట సన్నగా ఎర్రటి గీత ఉంది. అప్పుడిక అబద్ధానికి చోటు లేకపోయింది. భయం ఒక్కసారిగా పట్టుకుంది. ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో ఆ లక్షణాలన్నీ వరసగా నా ఒంటి మీదే చదువుకున్నాను.

108కి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి చాలా శాంతంగా అన్నీ అడిగింది. బండి పంపుతున్నామంది. వెంచర్ లోపల దారి ఎలా అని అడిగింది. ఇంటి నంబరు చెప్పాను, రోడ్లకు పేర్లు లేవని చెప్పాను. అయితే మీరు నడవొద్దు మేడం, కదలకుండా పడుకోండి, గేటు దగ్గర మీవాళ్లను ఎవరినైనా నిలబెట్టండి అంది. సరే అన్నాను. ఫోన్ పెట్టేసి మెట్ల మీద కూర్చుని ఆ మాటే తల్చుకున్నాను. మీవాళ్లను. మా తమ్ముడు కరీంనగర్‌లో ఉంటాడు, మాట్లాడుకుని ఏడు నెలలైంది. స్టాఫ్‌రూములో పద్నాలుగు మందిమి, ఆదివారం పూట ఒక్కరికీ నేను ఫోన్ చేసింది లేదు. గేటు దగ్గర నిలబెట్టడానికి నాకు ఒక్క మనిషి లేడు. చచ్చిపోతానన్న భయం కంటే ఆ నిజం ఎక్కువ బాధపెట్టింది.

వెళ్లాను. నడవకూడదని తెలిసీ నడిచాను, చెయ్యి గుండెకు ఆనించుకుని. రెండు వందల అడుగులు ఉంటుందేమో ఆ దూరం. ఆమె గది ముందు చాప పరిచి పల్లికాయలు ఒలుస్తోంది. నన్ను చూసి, గేటు తీయమంటానేమోనని లేచింది.

"అక్కా, నన్ను పురుగు ముట్టింది," అన్నాను.

పాము అనలేదు నేను. ఇరవై రెండేళ్లు పాఠం చెప్పిన నోరు ఆ పూట మా అమ్మ మాటే పలికింది.

"ఎప్పుడు?"

"పొద్దుగాల. ఏడున్నరకు."

ఆమె నా చెయ్యి చూసింది, నోరు చూసింది. "పొద్దుగాల ముడితే గిప్పుడా వచ్చుడు?" అంది. అంతే, ఇంకేమీ అడగలేదు. నన్ను చాప మీద కూర్చోబెట్టి, పల్లికాయలు పక్కకు నెట్టి, గోడకు ఆనించింది. చేతి గాజు బిగిసిపోయి ఉంటే సబ్బు నీళ్లు పెట్టి మెల్లగా తీసింది. చెయ్యి బిగించి కడుదామా అని తాడు కోసం చూస్తుంటే, కట్టొద్దక్కా, కడితే చెయ్యి పాడైతది అన్నాను. సరే అని ఆగి, కమాను కింద రోడ్డు మధ్యలో పోయి నిలబడింది. ఆమె భర్త ఇంట్లో లేడు, చుట్టాల పెళ్లికని కందుకూరు పోయాడు. బండి రాగానే గది తలుపు దగ్గరికేసి, గేటుకు తాళం పెట్టి నాతోపాటు ఎక్కింది. గేటు ఎట్ల అక్కా అన్నాను. యాడికి పోతది గేటు అంది. దారిలో చూశాను, ఆమె కాళ్లకు రెండు వేర్వేరు చెప్పులున్నాయి.

దవాఖానలో నన్ను మంచం మీద పడుకోబెట్టారు. అడ్మిషన్ రాసే క్లర్కు రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. నా పేరు, వయసు, ఊరు రాసుకున్నాడు. ఆ తర్వాతి గడి నాకు బాగా తెలుసు. ఏ దరఖాస్తులో వచ్చినా ఆ గడిలో నేను ఒక గీత గీసి ఊరుకుంటాను.

"పేషెంటు ఎంబడి ఎవరున్నరు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే ఆమె, "నేనున్న," అంది.

"ఏమైతవ్ ఆమెకు?"

ఆమె చీర కొంగు తల మీదికి సర్దుకుంది. "అక్కనైత. రాస్కో," అంది.

అతను ఆమె మొహం చూశాడు, నా మొహం చూశాడు. మా ఇద్దరి పేర్లు ఒక ఇంట్లో పుట్టేవి కావు. ఏమనుకున్నాడో, అక్క అని రాశాడు. ఫోన్ నంబరు అడిగితే ఆమె నోటికి చెప్పింది, అతను రాసుకున్నాడు. నేను కప్పు కేసి చూస్తూ పడుకున్నాను. కళ్లు తుడుచుకోవడానికి కుడిచెయ్యి లేవలేదు.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. నా చేతి నుంచి నెత్తురు తీసి ఒక గాజు గొట్టంలో పోసి, మంచం పక్క బల్ల మీద స్టాండులో నిలబెట్టింది. ఇరవై నిమిషాలు ఎవరూ దాన్ని ముట్టుకోవద్దని చెప్పి ఇంకో రోగి దగ్గరికి పోయింది. అదేందని అక్క నన్నడిగింది. నాకు మాట్లాడే ఓపిక లేదు, అయినా పాఠం కదా, వచ్చేసింది. ఇరవై నిమిషాలకు గడ్డ పెరుగులాగైతే విషం లేనట్టు, నీళ్లలాగే ఉంటే ఉన్నట్టు అని చెప్పాను. ఆమెకు వెంటనే అర్థమైంది. స్టూలు జరుపుకుని బల్లకు ఎదురుగా కూర్చుంది. ఫ్యాను గాలికి కదులుతుందేమోనని రెండు చేతులూ గొట్టానికి అటూ ఇటూ అడ్డం పెట్టింది. ఎవరైనా బల్ల పక్క నుంచి పోతే జర దూరం అనేది. ఇరవై నిమిషాలు ఆ చేతులు అలాగే ఉన్నాయి. నేను ఆ చేతులనే చూస్తూ పడుకున్నాను.

డాక్టరు వచ్చి గొట్టం తీసి వంచింది. నెత్తురు ఈ పక్క నుంచి ఆ పక్కకు జారిపోయింది. ఇక మందు మొదలుపెట్టారు. సీసాలోంచి చుక్కచుక్కగా దిగుతుంటే ఒళ్లంతా చలి వచ్చి గడగడ వణికాను, అక్క ఇంకో దుప్పటి తెచ్చి కప్పింది. అది ఎక్కడి నుంచి తెచ్చిందో నాకు తెలియదు. కాస్త తెరిపిన పడ్డాక, ఏమీ దాచుకోలేక, అక్కా నేను పొద్దున వేపాకు నమిలాను, చేదుగానే ఉండింది అని చెప్పాను. ఆమె దుప్పటి అంచు నా కాళ్ల కింద దోపింది.

"వేపాకునడిగినవ్ గాని నన్నడగకపోతివి," అంది.

జెర్రిపోతు సంగతి ఎత్తుదామని, ఆరోజు అలా అనకుండా ఉండాల్సింది అక్కా అని చెప్దామని రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. రెండుసార్లూ ఆమె, నీళ్లు కావాల్నా అని అడిగింది.

ఆరేసి గంటలకు ఒకసారి కొత్త గొట్టం పెట్టారు. సోమవారం పొద్దున పెట్టిన గొట్టాన్ని డాక్టరు వంచితే నెత్తురు కదలలేదు. మొత్తం తలకిందులు చేసినా గొట్టం అడుగున అంటుకునే ఉంది. ఆమె స్టూలు మీంచి లేచి దగ్గరగా వంగి చూసి, "గడ్డగైంది చెల్లె," అంది. మేడం అనలేదు. ఆ పూట మధ్యాహ్నం భర్త వచ్చి ఆమెను ఇంటికి తీసుకుపోయాడు. వెళ్తూ వెళ్తూ నా జుట్టు దువ్వి జడ వేసి పోయింది. ఎవరైనా నా తల దువ్వి ఎన్నేళ్లయిందో లెక్క పెట్టుకోవడం ఇష్టం లేక కళ్లు మూసుకున్నాను.

నాలుగో రోజు ఇంటికొచ్చాను. చెయ్యి ఇంకా వాచే ఉంది, వేలి చివర చర్మం నల్లబడింది. ఎనిమిది రోజులు పొద్దునా సాయంత్రం ఆమె రొట్టె, పప్పు తెచ్చింది. గడప లోపలికి వచ్చి కూర్చునేది. నేను తినేదాకా చూసి గిన్నె తీసుకుపోయేది. పేపర్ల కట్ట చూసి, గివన్ని నువ్వే దిద్దుతవా అని అడిగింది. కడీల కుప్పను ఆమె భర్త పొడుగాటి గడ్డపారతో దూరం నుంచే జరిపి చూశాడట. దాని కింద చిన్న పింజర ఉందట, చంపలేదట, తుప్పల్లోకి పోనిచ్చాడట. మేడంకు కోపమొస్తదని అన్నాడని ఆమె నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేకపోయాను. అప్పుడైనా చెప్పాల్సిన మాట చెప్పొచ్చు. రేపు చెప్తాలే అనుకున్నాను, రోజూ రెండు పూటలా వస్తోంది కదా అని.

తొమ్మిదో రోజు, ఒకటో తారీఖున, మూత్రపిండాల పరీక్షకు మళ్లీ దవాఖానకు రమ్మన్నారు. పొద్దున గేటు దగ్గర ఆమె అడిగింది, ఒక్కదానివే పోతవా, నేను రానా అని. వద్దక్కా, నేను పోయొస్త అన్నాను. చూశారా, అంత జరిగాక కూడా నా నోటికి మొదట వచ్చేది అదే మాట. ఆమె సరే అని గేటు తీసింది. క్లర్కు నన్ను గుర్తుపట్టి, మీ అక్క రాలేదా అన్నాడు. ఇంట్ల పనుండె అని చెప్పాను.

సాయంత్రం వచ్చేసరికి గేటు తీసింది వేరే మనిషి. రేకుల గదిలో కొత్త సామాను, తలుపుకు కొత్త పరదా. వాళ్లేరని అడిగితే, ఖాళీ చేసిండ్రు మేడం అన్నాడు. పోయిన్నెల ఒక ఆదివారం సాయంత్రం గేటుకు తాళమేసి యాడికో పోయిండ్రట, ఆఫీసోల్లు ప్లాట్లు చూపెట్టనీకి మందిని తోలుకొని వస్తే గేటు తీసెటోళ్లు లేరట, మర్నాడే ఎల్లిపొమ్మన్నరట, నెలాఖరుదాకా ఉండనిచ్చిండ్రు అని చెప్పాడు. ఎటు పోయారో అతనికి తెలియదు. కందుకూరు దిక్కు ఏదో వెంచర్ అన్నరు అన్నాడు.

అంటే ఆ సోమవారమే ఆమెకు తెలుసు. నా జడ వేసిన మధ్యాహ్నం ఇంటికి పోగానే తెలిసింది. ఆ తర్వాత నేను ఇంటికొచ్చాక కూడా ఎనిమిది రోజులు రొట్టెలు తెచ్చింది, నేను పప్పులో ఉప్పు తక్కువైందన్నా విన్నది, ఆ సంగతి ఒక్క మాట అనలేదు. నేను నేరుగా ఇంట్లోకి పోయి తలుపేసుకుని గట్టిగా ఏడ్చాను. ఆ ఇంట్లో గట్టిగా ఏడిస్తే వినేవాళ్లు ఎవరూ లేరు, ఆ సుఖం ఒకటుంది. ఫోన్ చేద్దామని తీస్తే, ఆమె నంబరు నా దగ్గర లేదు. ఆరేళ్లు రెండు వందల అడుగుల దూరంలో ఉన్నాం. నంబరు అడగాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు, అవసరం వచ్చినప్పుడు అడగడం నాకు రాలేదు.

మర్నాడు కాలేజీకి సెలవు చెప్పి మళ్లీ దవాఖానకు పోయాను. క్లర్కు దగ్గర నిలబడి, నన్ను చేర్చుకున్న రోజు రిజిస్టరులో మా అక్క నంబరు రాశారు, అది కావాలి అన్నాను. అతను నవ్వాడు, మీ అక్క నంబరు మీ దగ్గర లేదా అన్నాడు. లేదన్నాను. నా మొహం చూసి నవ్వు ఆపేసి పేజీలు తిప్పాడు. ఆ గడి కనబడింది. ఎంబడి ఉన్నవారు: ఆమె పేరు. సంబంధం: అక్క. పక్కనే పది అంకెలు. ఫోనులోకి ఎక్కించుకోవడానికి అరచేతిలో ఫోను పట్టుకుంటే నల్లబడిన వేలు స్క్రీను మీద పనిచేయలేదు. ఎడమచేత్తో కొట్టాను.

బయట సాగర్ రోడ్డు మీద బస్సుల చప్పుడులో, చెట్టు కింద బల్ల మీద కూర్చుని ఫోన్ చేశాను. గేటు సంగతి చెప్పాలి, జెర్రిపోతు సంగతి చెప్పాలి, క్షమించమని అడగాలి, అన్నీ వరసగా తయారుచేసుకున్నాను, పాఠం చెప్పేముందు చేసుకున్నట్టు. నాలుగో రింగుకు ఎత్తింది.

"ఎవలు?"

"నేనక్కా. నీ చెల్లెను."

అటు నుంచి కంగారుగా గొంతు వచ్చింది.

"ఏమైంది? మల్ల పురుగు ముట్టిందా?"

తయారుచేసుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"లేదక్కా. ఏం కాలే," అన్నాను. "ఉత్తగనే చేసిన."